వెళ్ళొచ్చినవాళ్ళు రాయాలి

రెండేళ్ళు దాటినా పిల్లాడికి మాటలు రావట్లేదని తీసుకెళ్తే డాక్టరుగారు ఏదో పేరు చెప్పి చీటీ చేతిలో పెడతారు. ఆ సాయంత్రం నుంచే ఆ ఇంట్లో ప్రశ్నలు మొదలవుతాయి. స్పీచ్ థెరపీ ఎక్కడ చేస్తారు? పెద్దాసుపత్రిలో ఉందా, ప్రైవేటులోనేనా? ఒక్కోసారికి ఎంత తీసుకుంటారు? వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కి ఇప్పుడే వెళ్ళాలా, కొన్నాళ్ళు ఆగాలా? మామూలు బడిలో చేర్చుకుంటారా? ప్రమాదంలో కాలు పోయిన కుర్రాడి ప్రశ్నలు వేరు. పక్షవాతం వచ్చిన తండ్రిని చూసుకుంటున్న కూతురి ప్రశ్నలు వేరు. ఎవరిని అడగాలో తెలియకపోవడం మాత్రం అందరికీ ఒకటే.

జవాబులు లేక కాదు. థెరపీ గది బయట బెంచీ మీద కాసేపు కూర్చుంటే చాలా జవాబులు చెవిన పడతాయి. "అక్కా, మీ బాబుని ఇంకెక్కడైనా చూపించారా?" అని ఒకావిడ అడుగుతుంది. "చూపించాం గానీ అక్కడ గంటకని డబ్బులు తీసుకుని ఇరవై నిమిషాలే చేస్తారమ్మా. ఇక్కడ మంగళవారం వచ్చే మేడమ్ బాగా చేస్తుంది. పొద్దున్నే వచ్చి పేరు రాయించుకో, పది దాటితే తీసుకోరు" అని రెండో ఆవిడ చెబుతుంది. ఈ నాలుగు ముక్కలు ఏ శాఖ వెబ్‌సైట్‌లోనూ దొరకవు. వాటిని తెలుసుకోవడానికి ఆ తల్లి నెలల తరబడి తిరిగి ఉంటుంది. చేతిలో డబ్బులు పోగొట్టుకుని ఉంటుంది, ఎన్నోసార్లు ఏడ్చి ఉంటుంది. పిల్లాడు కాస్త పెద్దవాడై ఆవిడ ఆ బెంచీ దగ్గరికి రావడం మానేస్తే అదంతా ఆవిడతోనే వెళ్ళిపోతుంది. తర్వాత వచ్చే తల్లి మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుంది.

బెంచీ మీది ఆ మాటల్ని రాతలోకి ఎలా ఎక్కించాలన్నదే ఈ అధ్యాయం. అందుకు మనకున్న సాధనం ఆన్‌లైన్ డైరెక్టరీ. అందరూ చూడగలిగేది, వాడేవాళ్ళే రాసేది, వాడేవాళ్ళే దిద్దేది. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఈ పద్ధతిలోనే నడుస్తోంది కాబట్టి మనకిది బొత్తిగా కొత్త కాదు. నేను గట్టిగా నమ్మేదేమిటో ముందే చెప్పేస్తాను. పేర్లు, ఫోన్ నంబర్లు పోగేసి పెట్టడం ఎవరైనా చేస్తారు. ఆ జాబితాని బతికించేది మాత్రం, దాన్ని చూసి వెళ్ళొచ్చిన మనిషి తిరిగొచ్చి రాసే రెండు వాక్యాలు.

ఇంటర్నెట్ రాకముందే ఈ పని జరిగింది. అమెరికాలోని బర్కిలీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1962లో ఎడ్ రాబర్ట్స్ అనే విద్యార్థి చేరాడు. పోలియోతో మెడ కింది భాగం చచ్చుబడిపోయింది, ఐరన్ లంగ్ అనే యంత్రం సాయంతో ఊపిరి తీసుకునేవాడు. అతనూ, అతని వెనక వచ్చిన వికలాంగ విద్యార్థులూ నడిపిన ఉద్యమంలోంచి 1972లో అక్కడ సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ పుట్టింది. నడిపింది వికలాంగులే. ఇంటికొచ్చి సాయం చేసే మనుషులు ఎవరున్నారు, వీల్‌చైర్ వెళ్ళే అద్దె ఇళ్ళు ఎక్కడున్నాయి, పాడైన వీల్‌చైర్ ఎవరు బాగుచేస్తారు అన్నవి ఆ కేంద్రం మొదట పట్టించుకున్న విషయాల్లో ఉన్నాయి. ఆ ఉద్యమం అనగానే అందరికీ ధర్నాలు గుర్తొస్తాయి. ఇల్లు, మనిషి, బండి దొరికాకే కదా వాళ్ళు ధర్నాకి రాగలిగింది.

ఇప్పటి కాలానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ జర్మనీలో ఉంది. బెర్లిన్‌లో రావుల్ క్రౌట్‌హౌజెన్ అనే ఆయన పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే జబ్బుతో వీల్‌చైర్ వాడతారు. ఎప్పుడు కలిసినా ఒకే కెఫేలో కూర్చోవాల్సి వస్తోందని ఒక స్నేహితుడు ఓసారి ఆయనతో విసుక్కున్నాడట. మెట్లు లేని చోటు వాళ్ళకి తెలిసింది అదొక్కటే మరి. ఊళ్ళో అలాంటివి ఇంకా ఉండే ఉంటాయి, ఎక్కడున్నాయో తెలిసే దారి లేదు. అలా సొత్సియాల్‌హెల్డెన్ అనే సంస్థ తరఫున 2010లో వీల్‌మ్యాప్ మొదలైంది. 2004లో పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే స్వేచ్ఛా పటం మీద అది నడుస్తుంది. ప్రపంచంలో ఎక్కడి చోటునైనా ఎవరైనా గుర్తించవచ్చు. పది లక్షలకి పైగా చోట్లకి ఇప్పటికే రంగులు పడ్డాయి.

రంగులు ట్రాఫిక్ లైటువే. ప్రవేశం దగ్గర మెట్టు లేకుండా, లోపల గదులన్నిటికీ కుర్చీ వెళ్తే ఆకుపచ్చ. వాకిట్లో ఒక్క మెట్టే ఉండి, అది 7 సెంటీమీటర్లకి మించకుండా, ముఖ్యమైన గదుల్లోకి వెళ్ళగలిగితే పసుపు. అంతకన్నా ఎత్తున్నా, మెట్లు ఎక్కువున్నా ఎరుపు. ఎవరూ చూసి చెప్పని చోటు బూడిద రంగులో ఉంటుంది. మరుగుదొడ్డి సంగతి విడిగా అడుగుతారు. చక్కటి ఆలోచనంతా ఆ 7 సెంటీమీటర్లలో ఉంది. "ఇక్కడ వికలాంగులకి సౌకర్యంగా ఉందా?" అని అడిగితే పదిమంది పది రకాలుగా చెబుతారు. మెట్టెంత ఎత్తుందని అడిగితే స్కేలు పట్టుకున్న బడిపిల్లాడు కూడా సరిగ్గా చెప్పేస్తాడు. బూడిద రంగు కూడా ఊరికే పెట్టింది కాదు. ఇక్కడ ఎవరైనా చూసి చెప్పండని అది అడుగుతూ ఉంటుంది. మీ ఊరి పటం ఓసారి తెరవండి. మన ఊళ్ళలో బూడిద చుక్కలే ఎక్కువ కనిపిస్తాయి. వచ్చే ఆదివారం మీ వీధి చివరి మందుల షాపు, బ్యాంకు, గుడి, టిఫిన్ సెంటరు చూసి రంగు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఎవరూ సేవ అనుకోని సేవలు

వికలాంగుల డైరెక్టరీ అనగానే చాలామంది పెద్ద సంస్థల పేర్లతో మొదలుపెడతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ జాతీయ సంస్థ, 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, నెల్లూరులోని కాంపోజిట్ రీజనల్ సెంటర్. ఇవి ఉండాల్సిందే. కానీ వీటి పేర్లు ఎవరో ఒకరు ఎలాగూ చెబుతారు. శ్రీకాకుళం జిల్లా పల్లెలో ఉన్న కుటుంబానికి "హైదరాబాద్ వెళ్ళండి" అన్న సలహా చెప్పేవాళ్ళకి కొదవ లేదు. మండలంలో వికలాంగ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి ఫిజియోథెరపీ డాక్టరు ఏ రోజు వస్తారో, జిల్లా ఆసుపత్రిలో చిన్నపిల్లల్లో లోపాల్ని ముందే గుర్తించే డైక్ సెంటరు ఏ గదిలో ఉందో, చెవిటితనం పరీక్ష మిషను పనిచేస్తోందో లేదో చెప్పేవాళ్ళే దొరకరు. డైరెక్టరీ అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఇంకా ముందుకెళ్ళి చూడండి. ఏ శాఖ జాబితాలోనూ చోటు దొరకని సేవలు కొన్నుంటాయి, రోజు గడవాలంటే అవే కావాలి. మూడు చక్రాల సైకిలుకి పంక్చరు వేసి, బేరింగు మార్చే సైకిల్ షాపు. చెవి మిషను బ్యాటరీలు, చెవికి సరిపడే అచ్చు దొరికే దుకాణం. క్యాలిపర్ పట్టీ తెగితే కుట్టిచ్చే చెప్పులాయన. కుర్చీలో కూర్చున్న కొలతకి ప్యాంటు కుట్టి, బొత్తాల బదులు వెల్క్రో వేసిచ్చే దర్జీ. ఇంటికొచ్చి క్రాఫు చేసే మంగలి. ఆటిజం ఉన్న పిల్లాడు గొడవ చేసినా విసుక్కోకుండా పన్ను చూసే డెంటిస్టు. మంచం మీదున్న మనిషికి ఇంటికొచ్చి ఆధార్ వేలిముద్రలు తీసుకునే మనిషి. చూపులేని విద్యార్థికి పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌ని కుదిర్చే కాలేజీ వాళ్ళు.

ఫంక్షన్ హాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. మన ఊళ్ళలో చాలా హాళ్ళకి పెళ్ళి కింద, భోజనాలు పైన. అక్షింతలు వేసేదాకా అందరితో ఉన్న మనిషి, బంతి వేసే వేళకి కింద ఒంటరిగా మిగిలిపోతాడు. ఎవరో విస్తరి పట్టుకొచ్చి ఇస్తారు. కాళ్ళు లేనివాళ్ళకే కాదు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలకీ తాతయ్యలకీ ఇదే గతి. మీ పట్టణంలో కిందే భోజనాలు పెట్టే హాళ్ళేవో, లిఫ్టున్నవేవో, వాటిలో కరెంటు పోయినా పనిచేసేవేవో ఒక్క పేజీలో రాసి పెడితే, ముహూర్తం కుదిరిన ప్రతి ఇంటికీ అది అక్కరకొస్తుంది. వికలాంగుల డైరెక్టరీ ఊరందరి డైరెక్టరీ అయ్యేది ఇలాంటి పేజీల వల్లే.

ఒక నమోదు ఎలా ఉండాలి

"చాలా మంచి సెంటరు. స్టాఫ్ బాగా చూసుకుంటారు. తప్పక వెళ్ళండి." ఇలా రాసినదాంట్లో ప్రేమ ఉంది, సమాచారం లేదు. చదివినవాడికి వెళ్ళాలో వద్దో తేల్చుకునే వీలుండదు. అదే చోటు గురించి ఇలా రాశారనుకోండి:

"ఫిజియోథెరపీ సెంటరు మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు వెడల్పు 75 సెంటీమీటర్లు, మా కుర్చీ పట్టింది. రోడ్డు మీంచి లిఫ్టు దాకా రెండు మెట్లు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు. ఎడమ పక్క ర్యాంపు ఉంది గానీ దాని మీద బైకులు పెడతారు. ముందు ఫోన్ చేస్తే వాచ్‌మన్ తీయిస్తాడు. కరెంటు పోతే లిఫ్టు ఆగిపోతుంది. బాత్రూమ్ తలుపు ఇరుకు, కుర్చీ వెళ్ళదు. ఒక్కోసారికి 400 రూపాయలు తీసుకుని 40 నిమిషాలు చేశారు. ఫోన్ ఎత్తకపోయినా వాట్సాప్‌కి జవాబిస్తారు. 2025 జూన్‌లో వెళ్ళాం."

ఇది చదివి ఒకరు వెళ్ళకూడదనుకోవచ్చు, ఇంకొకరు ఇంటి దగ్గరే బాత్రూమ్‌కి వెళ్ళి బయల్దేరదామనుకోవచ్చు. ఎవరికి వాళ్ళు తేల్చుకునే వీలు దొరికింది. ఎక్కడా పొగడ్త లేదు, తిట్టు లేదు. అయినా ఆ చోటు కళ్ళకి కడుతోంది.

కొలతకి టేపు ఉంటే మంచిది. లేకపోతే మీ ఫోన్ పొడవు ఎన్ని సెంటీమీటర్లో గుర్తుపెట్టుకోండి, మెట్టు పక్కన నిలబెడితే తెలిసిపోతుంది. ర్యాంపు చూసినప్పుడు ఒక లెక్క పనికొస్తుంది. మన దేశంలో భవనాలకి చెప్పిన వాలు 12కి 1. అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకి ర్యాంపు కనీసం 180 సెంటీమీటర్ల పొడవుండాలి. రెండు మెట్ల ఎత్తుకి 360. చాలాచోట్ల ఆ ఎత్తుకి మీటరు పొడవు ర్యాంపు కట్టి చేతులు దులుపుకుంటారు. వెనక నుంచి తోసే మనిషి లేకపోతే దాని మీద ఎక్కలేరు, దిగేటప్పుడు బోర్లా పడతారు. అందుకే ర్యాంపు ఉందని రాసి ఊరుకోకుండా, ఎవరి సాయమూ లేకుండా ఎక్కగలిగారా అన్నది కూడా రాయాలి. ఒకే ర్యాంపు గురించి ఇద్దరు రెండు రకాలుగా రాస్తే ఒకరి మాట చెరిపేయకండి. మోటారు కుర్చీ వాడే ఆయన ఎక్కగలిగాడు, చేత్తో తోసుకునే ఆవిడ ఎక్కలేకపోయింది. రెండూ నిజమే, రెండూ ఉండాలి.

విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు వేర్వేరుగా రాయడం కూడా అలవాటు చేసుకోవాలి. "సోమవారం ఎముకల డాక్టరు ఉంటారని కౌంటర్లో చెప్పారు" అన్నదానికీ, "సోమవారం వెళ్ళాం, ఉన్నారు" అన్నదానికీ చాలా తేడా. అరవై కిలోమీటర్ల దూరం నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చేవాళ్ళు ఆ వాక్యాన్ని నమ్ముకుని వస్తారు.

మరో చిన్న విషయం. ఆ తల్లి వెతికే మాటలతో నమోదు దొరకాలి. "స్పీచ్ థెరపీ" అని మాత్రమే రాస్తే, "మాటలు రావట్లేదు", "నత్తి" అని వెతికేవాళ్ళకి అది కనపడదు. జనం అనే మాటలన్నీ కింద ఒక వరసలో చేర్చండి.

దిద్దడం, తేదీ వేయడం

డైరెక్టరీలన్నీ ఉత్సాహంగా మొదలవుతాయి. ఏడాది తిరిగేసరికి సగం నంబర్లు మోగవు. థెరపిస్టు బదిలీ అయిపోతారు, సెంటరు వేరే వీధికి మారుతుంది, ఉచితంగా చేసేవాళ్ళు డబ్బులు తీసుకోవడం మొదలుపెడతారు. పాత సమాచారం వల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు. కూలిపని మానుకుని, కొడుకుని భుజాన వేసుకుని, రెండు బస్సులు మారి వచ్చిన తండ్రికి తాళం కనిపిస్తుంది. ఆయన ఇంకోసారి ఏ జాబితానీ నమ్మడు. కొన్నాళ్ళకి వైద్యానికి తీసుకెళ్ళడమే మానేస్తాడు.

అమెరికాలో 1997లో అట్లాంటాలో 211 అనే ఫోన్ సేవ మొదలైంది. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. దాని వెనకుండే జాబితాల్ని సరిచూడటానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. మన దగ్గర ఆ జీతాలిచ్చేవాళ్ళు లేరు. కాబట్టి వాడుకునే ప్రతి మనిషీ సరిచూసేవాడు కావాలి. ఇది కష్టమైన పని కాదు. మీరు వెళ్ళొచ్చారు, రాసింది రాసినట్టే ఉంది. అప్పుడు కూడా "2025 సెప్టెంబరులో వెళ్ళాం, ఇలాగే ఉంది" అని ఒక్క వరస చేర్చండి. కొత్త సంగతి లేదు కదా రాయడానికి అనుకోకండి. చదివే మనిషికి ఆ తేదీయే కొండంత ధైర్యం. మూతపడిన చోటుని తీసేయకుండా "మూతపడింది" అని రాసి ఉంచండి. తీసేస్తే ఎవరో మంచి మనసుతో మళ్ళీ పాత నంబరే చేరుస్తారు.

ఫోన్ చేసి సరిచూడటానికి ఊళ్ళో ఉండనక్కర్లేదు. గుంటూరులోని తల్లిదండ్రుల కోసం కేర్‌టేకర్‌ని వెతికే కొడుకు డాలస్‌లో ఉంటాడు. అతని చేతిలో రాత్రిపూట ఓ గంట ఉంటుంది, ఇక్కడ అప్పుడు పని వేళ. గుంటూరు జాబితాలోని పది నంబర్లకి అతనే ఫోన్ చేయగలడు. మంచం దిగలేనివాళ్ళు కూడా ఈ పని ఎంతో బాగా చేస్తారు. నా ఉద్దేశంలో వాళ్ళే అందరికన్నా బాగా చేస్తారు, ఏం అడగాలో వాళ్ళకి తెలుసు కాబట్టి. ఏటా డిసెంబరు 3న అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాడు సభలు పెట్టి శాలువాలు కప్పుతారు. ఆ రోజు మీ బృందమంతా కలిసి జాబితాలోని ప్రతి నంబరుకీ ఫోన్ చేసే ఆనవాయితీ పెట్టుకోండి.

ఉపకరణాలిచ్చే క్యాంపుల విషయంలో తేదీ ఇంకా ముఖ్యం. 1981 నుంచి నడుస్తున్న కేంద్ర పథకం కింద, కాన్పూరులోని అలింకో తయారుచేసే ఉపకరణాల కోసం ముందు కొలతల క్యాంపు పెడతారు, వస్తువులిచ్చే క్యాంపు తర్వాతెప్పుడో వస్తుంది. కొలతలకి వెళ్ళనివాళ్ళకి పంపిణీ రోజున ఏమీ దొరకదు. ఈ ఒక్క ముక్క తెలియక, పంపిణీ రోజు పొద్దున్నే వచ్చి సాయంత్రం ఖాళీ చేతుల్తో వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. అలాంటి సమాచారం గడువు తీరగానే పాతదిగా గుర్తు పెట్టాలి. ఉంచేస్తే పోయిన ఏడాది క్యాంపుకి ఈ ఏడాది జనం బయల్దేరతారు.

ఏం రాయకూడదు

తెరిచి ఉన్న జాబితాలోకి మంచివాళ్ళతో పాటు అమ్ముకునేవాళ్ళూ వస్తారు. సెరిబ్రల్ పాల్సీనీ ఆటిజాన్నీ మూలకణాలతో నయం చేస్తామని లక్షలు అడిగే ప్రకటనలు మీ పేజీల్లోకి తప్పకుండా వస్తాయి. అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప ఇలాంటి జబ్బులకి మూలకణాల చికిత్స చేయడం అనైతికమని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఆ నమోదుల్ని మొహమాటం లేకుండా తీసేయండి. తీసేసిన కారణం కూడా రాయండి. ఆశ ఎక్కువై ఉన్న తల్లిదండ్రులకి ఆ కారణం కనిపించాలి.

స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదై ఉండాలి. 1992 నాటి చట్టం ఆ మాట చెబుతోంది. నమోదు సంఖ్య అడగడం మర్యాద తప్పడం కాదు. "మీ ఆర్‌సీఐ నంబరు చెబుతారా అండీ, డైరెక్టరీలో రాస్తాం" అని అడిగితే సరైనవాళ్ళు సంతోషంగా చెబుతారు. సెంటరు వాళ్ళే తమ గురించి రాసుకుంటే వేళలు, ఫీజు, ఫోన్ నంబరు వరకు ఉంచండి. ఎలా చేస్తారన్నది వెళ్ళొచ్చినవాళ్ళే రాయాలి.

పిల్లల పేర్లు, ఫోటోలు, సర్టిఫికెట్లు పెట్టొద్దు. సదరం కాగితం ఎలా ఉంటుందో చూపించడానికి సొంత పిల్లాడిదే ఫోటో తీసి పెట్టేస్తారు కొందరు, పేరూ ఆధార్ అంకెలూ కనిపిస్తూనే. ఆ పిల్లాడు రేపు పెద్దవాడై ఉద్యోగానికి వెళ్తాడు, ఆ ఫోటో అక్కడే ఉంటుంది. ఇళ్ళకొచ్చి పనిచేసే ఆయాల సొంత నంబర్లు వాళ్ళని అడగకుండా రాయకండి. ఒంటరిగా ఉండే వికలాంగ మహిళ ఏ వేళ ఎక్కడికి వెళ్తుందో తెలిసిపోయేలా ఏ వాక్యమూ ఉండకూడదు.

అందరూ చదవగలగాలి

వికలాంగుల కోసం పెట్టిన జాబితానే వికలాంగులు చదవలేకపోవడం నన్ను చాలా బాధపెట్టే సంగతి. వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల పోస్టర్ చూపులేని మనిషికి ఒక ఖాళీ బొమ్మ. పాత అను ఫాంట్లలో టైపు చేసిన పీడీఎఫ్‌ని స్క్రీన్ రీడర్ చదివితే అర్థంలేని శబ్దాలు వస్తాయి. యూనికోడ్‌లో మామూలు అక్షరాలుగా రాస్తే ఫోన్‌లోని టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌విడిఎ తెలుగులో చక్కగా చదివి వినిపిస్తాయి. పోస్టర్ పెట్టాలనిపిస్తే పెట్టండి, దాని కింద అదే సమాచారం అక్షరాల్లో ఉండాలి. వీల్‌చైర్ వెళ్తుందో లేదో చూపడానికి ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేసినప్పుడు పక్కనే మాటల్లోనూ రాయండి, ఆ రెండు రంగులకీ తేడా తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు. వినపడని మనిషికి ఫోన్ నంబరొక్కటే ఇస్తే ఇవ్వనట్టే. వాట్సాప్ ఉందా, వీడియో కాల్‌లో సైగల భాష తెలిసినవాళ్ళు మాట్లాడతారా అన్నది చెప్పాలి.

పూర్తిచేసేముందు మీ పేజీని చూపులేని మిత్రుడికి, వినపడని మిత్రురాలికి, బుద్ధిమాంద్యం ఉన్న ఒక యువకుడికి ఇచ్చి వాడి చూడమనండి. వాళ్ళెక్కడ ఆగిపోయారో అక్కడ దిద్దండి. అసలు సరైన దారేమిటంటే మొదటి రోజు నుంచే వాళ్ళు రాసేవాళ్ళలో ఉండటం.

ఈ కొలతలు, తేదీలు సొంత అవసరానికే కాదు, హక్కు అడగడానికీ పనికొస్తాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. ప్రజలు వాడే పాత భవనాలని కూడా అందరికీ అందుబాటులోకి తేవడానికి ఐదేళ్ళ గడువు పెట్టింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలు ఉత్త సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకి ఆధారంగా నిలిచిన నివేదిక మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం తయారుచేసింది. ఎక్కడ ఏం అందట్లేదో ఒక్కొక్కటిగా చూసి రాస్తేనే అలాంటి నివేదిక వస్తుంది. మీ డివిజన్‌లోని బ్యాంకుల మెట్లు, తహసీల్దారు కార్యాలయం వాకిలి, బస్టాండు మరుగుదొడ్డి తలుపు వెడల్పు తేదీలతో సహా జాబితాలో ఉంటే, కలెక్టరుగారి గ్రీవెన్సు రోజున మీ అర్జీని ఎవరూ తేలిగ్గా పక్కన పెట్టలేరు.

ఎక్కడ మొదలుపెట్టాలి

రాష్ట్రమంతటికీ మొదలుపెట్టకండి. మీ పట్టణం, చుట్టూ ఉన్న మండలాలు చాలు. చోట్ల గురించి అయితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనో వీల్‌మ్యాప్‌లోనో రాయండి, అవి మీరు మానేసినా ఉంటాయి. మనుషులు, రోజులు, ఫీజుల గురించి అయితే అందరూ చూడగలిగే ఒక ఆన్‌లైన్ షీటు సరిపోతుంది. పెద్ద యాప్ కట్టించడానికి చందాలు వసూలు చేయడం నాకు నచ్చదు, డబ్బులైపోయిన మర్నాడు ఆ యాప్‌ని పట్టించుకునేవాళ్ళుండరు. వ్యాపార సైట్ల నుంచి నంబర్లు గంపగుత్తగా ఎత్తి పెట్టుకోవద్దు. అలా చేయడం తప్పు, పైగా వాటిలో పాతవే ఎక్కువ.

మొదటి ఇరవై నమోదులకి మీరెక్కడికీ వెళ్ళనక్కర్లేదు. మీరు ఇప్పటికే తిరిగిన చోట్లని గుర్తు తెచ్చుకోండి. "నాకేం తెలుసని రాయడానికి, నేను పదో తరగతే చదివాను" అని చాలామంది తల్లులు వెనక్కి తగ్గుతారు. వాళ్ళతో రాయించడానికి నేను చూసిన సులువైన పద్ధతి వాయిస్ మెసేజి. "వదినా, మొన్న సదరానికి వెళ్ళారు కదా, ఎన్నింటికి వెళ్ళారు, ఏం కాగితాలడిగారు, అన్నయ్యని ఎక్కడ కూర్చోబెట్టారు, మొత్తం చెప్పండి" అంటే ఐదు నిమిషాలు ఆపకుండా చెబుతుంది. అందులో ఐదు మంచి వాక్యాలు తప్పక దొరుకుతాయి. రాశాక ఆవిడకే చదివి వినిపించండి. "అది కాదమ్మా, స్లాట్ మీసేవలో చేయించుకోవాలి, ఆసుపత్రిలో ఇవ్వరు" అని ఆవిడే దిద్దుతుంది. ఇన్నాళ్ళూ ప్రతి కౌంటరు ముందూ చేతులు కట్టుకుని నిలబడిన మనిషి, తనకి తెలిసింది ఇంకొకరికి చెబుతున్నప్పుడు గొంతు మారడం మీకే వినిపిస్తుంది. వ్యక్తిత్వ వికాసం మీద రాసిన పుస్తకంలో ఈ అధ్యాయం ఉండాలని నేను పట్టుబట్టింది అందుకే.

దిద్దే అధికారం కనీసం ముగ్గురికి ఉండాలి, అందులో ఇద్దరు వైకల్యం ఉన్నవాళ్ళయి ఉండాలి. ఈ పని చేసేవాళ్ళకి ఇంట్లో చూసుకోవలసిన మనిషి ఉంటారు, ఆపరేషన్లుంటాయి, అలసట ఉంటుంది. ఎవరైనా ఆరు నెలలు పక్కకి తప్పుకోవాల్సి రావచ్చు. అందుకని మొదటి వారంలోనే ఖాతా ఏ ఈమెయిల్ మీద ఉందో, పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉందో, పేజీ కాపీ నెలకోసారి ఎక్కడ దాస్తున్నారో ఒక కాగితం మీద రాసి, ముగ్గురిళ్ళలోనూ సదరం సర్టిఫికెట్ పెట్టుకునే ఫైల్లోనే ఉంచండి.